అటక మీది దొరసాని జీను

ప్రశ్న: మాది చెన్నైలో పురసవాక్కం. మూడు తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. వేపేరిలో ఉన్న మా అత్తవారి పాత ఇల్లు బిల్డరుకిచ్చేశాం, వచ్చే నెల పడగొడతారు. అటక ఖాళీ చేస్తుంటే ఒక చెక్కపెట్టెలో గుర్రపు సామాను దొరికింది. రెండు కొమ్ములున్న తోలు జీను, పాదం పెట్టుకునే రికాబు ఒకే ఒక్కటి, మూడు కళ్ళేలు, తెల్లటి పిడి ఉన్న చిన్న కొరడా, ఇంకా ఏవో ఇత్తడి ముక్కలు. మా మావగారి తాతగారు ఒక ఇంగ్లీషు దొర దగ్గర లెక్కలు రాసేవారట. దొర సొంత దేశం వెళ్ళిపోతూ ఇచ్చాడని ఇంట్లో అనుకుంటారు. ఆ సంగతులు తెలిసినవాళ్ళు నెల్లూరులో ఉన్న మావగారి మేనత్త ఒక్కరే, ఆవిడకు 91 ఏళ్ళు. మావగారు జీనుకు కొబ్బరినూనె పట్టించడం మొదలుపెట్టారు. పాత సామాన్లు కొనే ఆయన ఒకరు వచ్చి, రెండో రికాబు పోయింది కాబట్టి మొత్తానికి ఎనిమిది వేలు మించి రాదన్నాడు. డాలస్‌లో ఉన్న మా మరిది తనకు కావాలి, సూట్‌కేసులో పట్టుకెళ్తానంటున్నాడు. మా ఆయనేమో ఈ టెన్షన్ అంతా ఎందుకు, పాత ఇనుముకి వేసెయ్యమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ మావగారి చేతిలోంచి ఆ కొబ్బరినూనె సీసా తీసుకోండి. పెద్దాయన నొచ్చుకోకుండా ఎలా తీసుకోవాలో నాకంటే మీకే బాగా తెలుసు. మిగతా జవాబు ఆ తర్వాత చదవొచ్చు.

ఇక రెండో రికాబు. అది పోలేదు, అసలు ఉండదు. మీకు దొరికింది ఆడవాళ్ళ జీను, సైడ్ సాడిల్ అంటారు. గుర్రానికి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవడం ఆడవాళ్ళకు మర్యాద కాదనుకున్న రోజుల్లో, పొడుగు గౌను వేసుకున్న దొరసాని రెండు కాళ్ళూ ఎడమవైపే పెట్టుకునేలా చేసిన జీను. మీరు రాసిన రెండు కొమ్ముల్లో పైదాని మీదుగా కుడికాలు వేస్తారు. కిందికి వంగి ఉన్నదాని కింద ఎడమ తొడ ఆనుతుంది. కుడికాలికి రికాబుతో పని లేదు కాబట్టి ఉండేది ఒక్కటే, ఎడమవైపు. గుర్రపు సామాను కొనడానికి వచ్చిన మనిషికి ఈ సంగతి తెలియకపోతే అతని లెక్కకు విలువ లేదు. తెలిసే అలా అన్నాడంటే అతనితో బేరమే వద్దు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు కదా, మీ దగ్గర అతను రెండు కాళ్ళ మీదే నడిపించాడు.

ఆ కింది కొమ్ము జీను వయసు కూడా చెబుతుంది. 1830 ప్రాంతానికి ముందు అది లేదు. అప్పటిదాకా దొరసానులు గుర్రాన్ని మెల్లగా నడిపించుకోవడమే ఎక్కువ. ఈ కొమ్ము వచ్చాక తొడకు గట్టి పట్టు దొరికి, కంచెలు కూడా దూకించడం మొదలుపెట్టారు. అందుకే దాన్ని లీపింగ్ హెడ్ అన్నారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆడవాళ్ళు కూడా మగవాళ్ళలాగే కూర్చుని స్వారీ చేయడం పెరిగింది, ఈ జీన్ల వాడకం పడిపోయింది. అంటే మీ జీను చాలా వరకు ఈ రెండింటి మధ్య నూరేళ్ళలోదే అయి ఉండాలి. ఇంకాస్త దగ్గరగా తెలియాలంటే కూర్చునే చోట ముందు నుంచి వెనక్కి ఒక పొడుగు స్కేలు ఆనించి చూడండి. మధ్యలో బాగా గుంటలా దిగి ఉంటే పాతకాలపు పద్ధతి. స్కేలు కింద పెద్దగా సందు లేకుండా చదునుగా ఉంటే 20వ శతాబ్దం వైపుది. స్వారీ చేసేవాళ్ళు ఈ చదును జీన్లనే ఇష్టపడతారు. ఇంగ్లండులో 1974 నుంచి సైడ్ సాడిల్ స్వారీకి ఒక సంఘమే ఉంది. ఆ సభ్యుల్లో చాలామంది తమ ముత్తవ్వల కాలం నాటి జీన్ల మీదే ఎక్కుతారు.

పక్కన మూతలా వేలాడే తోలును మెల్లగా ఎత్తి, లోపల టార్చి వేసి చూడండి. చిన్న రేకు గానీ, తోలులోకి నొక్కిన అక్షరాలు గానీ ఉండొచ్చు. ఛాంపియన్ అండ్ విల్టన్, మేహ్యూ, ఓవెన్ అన్న పేర్లలో ఏదైనా కనిపిస్తే అది లండన్‌లో పేరుమోసిన పనివాళ్ళ సరుకు. వాల్సాల్ అని ఉంటే, అది ఇంగ్లండులో జీన్ల తయారీకే పేరుపడ్డ ఊరు. రికాబు వేలాడే తోలుపట్టీని, దాని కొసన ఉండే కొక్కేన్ని మాత్రం ఎక్కడా పడేయకండి. దొరసాని కిందపడితే గౌనుతో, రికాబుతో సహా గుర్రం ఈడ్చుకుపోయే ప్రమాదం ఉండేది. అందుకని లాగగానే పట్టీ ఊడివచ్చే ఏర్పాటు పెట్టారు, అందులో ఒక్కో కంపెనీది ఒక్కో తరహా. ఒకరి కొక్కెం ఇంకొకరి జీనుకు పట్టదు. జీను ఉండి కొక్కెం పోయినవి చాలా కనిపిస్తాయి. మీ దగ్గర రికాబు ఉంది, దాని కొక్కెం కూడా ఉందేమో చూడండి. మీ వ్యాపారి పోయిందన్న దాని కంటే ఇదే ముఖ్యం.

అసలు పాతదా, పాతదానిలా చేసినదా అన్న అనుమానం మీకు లేకపోయినా కొనేవాడికి ఉంటుంది. జీన్ల తయారీకి కాన్పూరు ఇప్పటికీ పెద్ద కేంద్రం. 19వ శతాబ్దంలో సైన్యం కోసం అక్కడ సర్కారు జీన్ల ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి ఆ పని నడుస్తూనే ఉంది. కొత్త సరుకుకు టీ డికాక్షనో, బూటు పాలిషో పట్టించి దొరల కాలం నాటిదని అమ్మేవాళ్ళూ ఉంటారు. కొన్ని గుర్తులు మాత్రం అబద్ధం చెప్పలేవు. ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూ 1930ల ముందు లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు 1913లో షెఫీల్డులో పుట్టింది, కాబట్టి దాంతో చేసిన రికాబు విక్టోరియా రాణి కాలానిది కాదు. తోలు తెగిన అంచు లోపల నీలం కలిసిన బూడిదరంగులో ఉంటే అది క్రోమ్ పెట్టి ఊనిన (అంటే కుళ్ళకుండా పదును చేసిన) తోలు, చెట్టు బెరడుతో ఊనిన పాత పద్ధతిది కాదు. అడుగు మెత్తలో పాత జీనుకు ఉన్ని కూరి ఉంటుంది, స్పాంజి కాదు. ఒక్క మాట, ఎవరైనా ఎప్పుడో స్క్రూ మార్చి ఉండొచ్చు. కాబట్టి ఒక్క గుర్తు చూసి కంగారు పడకండి, నాలుగైదు కలిపి చూడండి.

నూనె సంగతికి వస్తాను. 1985లో మూర్ మార్కెట్ కాలిపోవడానికి రెండు మూడేళ్ళ ముందు నేనక్కడ ఒక కళ్ళెం కొన్నాను. నా మొదటి జీతాల్లో అది పెద్ద ఖర్చు. తోలు పొడిబారి ఉందని ఆముదం పట్టించాను. ఒకసారి కాదు, తాగినంత. రెండు నెలలు నల్లగా నిగనిగలాడింది. వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నాను. ఏడాది తిరిగేసరికి జిగురుగా మారి దుమ్మంతా అంటుకుంది. ఇత్తడి బకిల్స్ చుట్టూ ఆకుపచ్చ మురికి తేలింది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగితో కలిస్తే వచ్చేదే అది. తర్వాత తోలు అట్టముక్కలా బిగుసుకుపోయి, ఒకరోజు బకిల్ దగ్గర చేత్తో పట్టుకుంటేనే టక్కున విరిగింది. నేను ముట్టుకోకపోతే అది ఇంకో యాభై ఏళ్ళు ఉండేది. ఆ ముక్కలు ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి, ఎవరైనా నూనె మాటెత్తితే తీసి చూపిస్తాను.

రోజూ గుర్రం మీద వేసే జీనుకు నూనె, సబ్బు అవసరమే. గుర్రాలను చూసుకునే సాయిసులు రోజూ చేసేవారు కూడా. వాడకంలో లేని పాత తోలుకు అదే విషం. మీ మావగారు పట్టించిన చోట పొడి నూలుగుడ్డతో అద్దండి, రుద్దకండి. సబ్బు వద్దు, నీళ్ళు అసలే వద్దు. తర్వాత తెల్లటి పొర కనిపిస్తే బూజని బెదిరిపోకుండా చూపుడువేలితో ఒక నిమిషం వెచ్చగా ఆనించి ఉంచండి. కరిగిపోతే అది పైకి తేలిన కొవ్వు. నూగులా ఉండి, మట్టివాసన వస్తూ మెత్తటి కుంచెతో రాలిపోతే అది బూజు. దాన్ని బాల్కనీలోనో మేడ మీద నీడలోనో దులపండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని. ఎండలో మాత్రం పెట్టకండి, అవి ఒడియాలు కావు.

ఇంకో పరీక్ష ఉంది. తెల్లగుడ్డతో తోలును మెల్లగా తాకండి. ఎర్రటి పొడి అంటితే దాన్ని రెడ్ రాట్ అంటారు. చెట్టు బెరడుతో ఊనిన తోలును గాలిలోని గంధకపు ఆమ్లాలు ఏళ్ళ తరబడి తినేస్తే వచ్చే జబ్బు అది. వచ్చాక వెనక్కి మళ్ళదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే. అలాంటి తోలు మీద ఒక్క నీటిచుక్క పడ్డా అక్కడ నల్లగా గట్టిపడుతుంది. ఇందులో మన వాటా కూడా కొంచెం ఉంది. మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఓడలకెక్కిన తోళ్ళను మనవాళ్ళు తంగేడు చెక్కతో ఊని, కరక్కాయతో ముగించేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడే. ఆ తోలు మెత్తగా, అందంగా ఉంటుంది, ఈస్ట్ ఇండియా తోలని ప్రపంచమంతా పేరు. అయితే తంగేడు జాతి టానిన్ (తోలును ఊనే బెరడులోని సారం) ఉన్న తోళ్ళు ఈ ఎర్రజబ్బుకు తొందరగా లొంగుతాయి. 1900ల మొదట్లో లండన్‌లో పుస్తకాల అట్టలెందుకు పొడైపోతున్నాయని ఒక కమిటీ వేసి చూస్తే, వేలెత్తి చూపించిన వాటిలో ఇదీ ఉంది. మీ జీను ఇంగ్లండుదైతే పైతోలు పందిచర్మం అయి ఉండే అవకాశం ఎక్కువ, చిన్న చిన్న రంధ్రాలు మూడేసి గుంపులుగా కనిపిస్తాయి. కళ్ళేలు మాత్రం ఇక్కడివీ కావొచ్చు, వాటిని వేరేగా పరీక్షించండి.

పెరియమెట్‌లో తోలుపని తెలిసిన మంచి చేతులున్నాయి, మీ ఇంటికి దగ్గర కూడా. కానీ ఇప్పుడే వాళ్ళ దగ్గరికి పరుగెత్తకండి. ఊడిన కుట్టు ఊడినట్టే ఉండనివ్వండి. కొత్త దారంతో కుట్టించి, పాలిష్ కొట్టించిన జీను హోటల్ లాబీలో బాగుంటుంది, తెలిసినవాడు మాత్రం దాన్ని సగం ధరకే అడుగుతాడు. మరీ శిథిలంగా ఉంటే ఎగ్మూరు మ్యూజియంకి వెళ్ళి అడగండి, వస్తువుల పరిరక్షణకు అక్కడ 1930 నుంచి రసాయన ప్రయోగశాల ఉంది. ఈలోగా నీళ్ళ డ్రమ్మును పడుకోబెట్టి, పాత దుప్పట్లు చుట్టి, గుర్రం వీపులా చేసి దాని మీద జీను కూర్చోబెట్టండి. కొమ్ములకు తాడు కట్టి వేలాడదీయొద్దు. ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, మన చెన్నై ఉక్కకు లోపల బూజు పంట పండుతుంది. ఉతికిన పాత నూలుచీర చాలు.

ఇప్పుడు ఆ కళ్ళేలు. వాటిలో కళ్ళకు గంతలున్నవి ఏవైనా ఉన్నాయా చూడండి. గంతలుంటే అది స్వారీ కళ్ళెం కాదు, బండి లాగే గుర్రానిది. వెనక చక్రాలను చూసి బెదరకుండా పెట్టేవారు. ఇదే మౌంట్ రోడ్డులో సింప్సన్ లాంటి కంపెనీలు గుర్రపు బళ్ళు తయారుచేసిన ఊరు మనది, బగ్గీ సామాను దొరకడంలో వింత లేదు. గంతల మీదా, నోటి కడ్డీ రెండు వైపుల బిళ్ళల మీదా యజమాని పేరు పొడి అక్షరాలో, వంశచిహ్నమో పోతపోయించుకునేవారు. అలాంటివి మీకు దొరికితే ఆ దొర ఎవరో తెలిసే దారి దొరికినట్టే. అందుకే ఇత్తడి ముక్కల్ని చింతపండుతోనో, పీతాంబరితోనో తోమకండి. అక్షరాలు అరిగిపోతాయి, పైన వెండిపూత ఉంటే అదీ పోతుంది. ఇనుప కడ్డీ మీద బాణం గుర్తు, దాని కింద ఐ అన్న ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే అది బ్రిటిష్ ఇండియా సైన్యం సరుకు, అప్పుడు మీ ఇంటి కథలో ఇంకో మనిషి ఉన్నాడన్నమాట.

కొరడా దగ్గర కాస్త ఆగాలి. ఆ తెల్లపిడి ఎముకా, సెల్యులాయిడా, ఏనుగు దంతమా అన్నది తేలేవరకు దాన్ని ఎవరికీ చూపించకండి. వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. పిడి కొసన భూతద్దంతో చూస్తే చిన్న నల్లటి చుక్కలు, గీతలు కనిపిస్తే ఎముక. ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే వంకర గీతల అల్లిక కనిపిస్తే దంతం. కాల్చిన సూది గుచ్చి చూడమని చెప్పేవాళ్ళుంటారు, వినకండి, సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది. దంతమైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అమ్మడానికి లేదు, దేశం దాటించడానికీ లేదు. యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఇంట్లో ఉండటం కూడా చిక్కే. అలాంటప్పుడు ఒక లాయరును అడిగి, అటవీశాఖకు మీరే తెలియజేయడం మేలు. జింకకొమ్ము పిడి అయినా ఇదే గొడవ.

మీ మరిదిగారి సూట్‌కేసు విషయం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన ఇలాంటి వస్తువు పురావస్తువే. దాన్ని కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ తప్ప ఎవరూ దేశం బయటికి పంపకూడదు. అమెరికాలో ఉన్నది సొంత తమ్ముడైనా సరే. నూరేళ్ళు నిండలేదని మీకు నమ్మకం ఉంటే, అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ పురావస్తు శాఖ వాళ్ళు చూసి ఇస్తారు. వాళ్ళ చెన్నై ఆఫీసు సెయింట్ జార్జి కోటలోనే ఉంది. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్ళకు "మా తాతగారిదండీ" అని చెబితే పని జరగదు. దేశంలోపల ఇంట్లో ఉంచుకోవడానికి ఇబ్బంది లేదు, శిల్పాలకూ పాత చిత్రాలకూ రాతప్రతులకూ అడిగే రిజిస్ట్రేషన్ జీనుకు అడగరు. పురావస్తువుల వ్యాపారం చేసేవాళ్ళకు మాత్రం లైసెన్సు ఉండాలి. మీ ఎనిమిది వేల ఆయన్ని అది ఉందా అని ఒకసారి అడిగి చూడండి, మొహం ఎలా పెడతాడో.

ధర ఎంత అని మీరు నేరుగా అడగలేదు గానీ ఉత్తరం నిండా అదే ఉంది. ఫోటో కూడా చూడకుండా నేను చెప్పే అంకెకు అర్థం ఉండదు. ఆశ మరీ పెంచుకోకండి కూడా, మన దేశంలో ఇలాంటివి కొనేవాళ్ళు తక్కువ. గిండీలో 1777 నుంచి గుర్రప్పందేలున్న ఊరైనా, పందేల మీద ఉన్న మోజు పాత జీన్ల మీద లేదు. కొనేవాళ్ళలో కొద్దిమంది సేకరించేవాళ్ళు, హోటళ్ళకు అలంకరణ చేసేవాళ్ళు, సినిమా సెట్లకు సామాను అద్దెకిచ్చేవాళ్ళు. చివరి రెండు రకాలకూ వస్తువు ఎవరిదన్నది అక్కర్లేదు, మెరిస్తే చాలు. మొదటి రకానికి అదే కావాలి. ఎవరి జీను, ఏ ఊళ్ళో, ఏ ఏట, మీ ఇంటికెలా వచ్చింది. ఇవి కాగితం మీద ఉంటే ఆ పెట్టె మొత్తం ఒక వస్తువు. లేకపోతే విడివిడి తోలుముక్కలు. అందుకే మీ ఆయన మాట విని ఇనుము వేరు, ఇత్తడి వేరు చేయకండి. ఏది దేనితో దొరికిందో ఫోటోలు తీసి పెట్టండి. చెక్కపెట్టెను కూడా పారేయకండి. దాని అడుగున పాత పేపరు పరిచి ఉంటే దాని మీద తేదీ ఉండొచ్చు, పక్కన రైల్వే చీటీయో ఓడ కంపెనీ చీటీయో అతికి ఉండొచ్చు. దొరలు వెళ్ళిపోయేటప్పుడు ఇంటి సామాను వేలం వేయడం ఆ రోజుల్లో మామూలు. మీ పెద్దలకు ఊరికే ఇచ్చాడో, వేలంలో కొన్నారో, జీతం బాకీ కింద తెచ్చుకున్నారో ఎవరికి తెలుసు?

నెల్లూరులో ఉన్న ఆవిడకు తెలుసు. మీ మావగారి మేనత్తంటే, ఆ లెక్కలు రాసిన ఆయనకు స్వయానా కూతురు. ఇల్లు పడగొట్టడానికి నెల ఉంది గానీ 91 ఏళ్ళ మనిషి దగ్గర గడువు పెట్టుకోకూడదు. ఫోన్లో వద్దు. ఈ ఆదివారం పొద్దున్నే రైలెక్కి మీ మావగారినే తీసుకెళ్ళండి. కొబ్బరినూనె దగ్గర నొచ్చుకున్న మనసు అక్కడ సర్దుకుంటుంది. జీను ఫోటోలు పెద్దవిగా ప్రింటు తీయించి ఆవిడ చేతికివ్వండి, ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి పక్కన ఉంచండి. "దొర పేరేంటి" అని మొదలుపెట్టకండి, పేర్లు మర్చిపోయి ఉంటారు, ఇబ్బంది పడతారు. ఆ పెట్టె మీద చిన్నప్పుడు ఎవరు కూర్చునేవారో అడగండి.

తిరిగొచ్చాక ఆవిడ చెప్పినదీ, గంతల మీద అక్షరాలుంటే అవీ నాకు రాయండి. ఫోటో పంపేటట్టయితే పక్కతోలు పైకెత్తి, అడుగువైపు తీసి పంపండి.